కొత్త రుచి ఎవరికి కొత్త?

ప్రయాణంలో తిన్న తిండి గురించి రాయడం ఇప్పుడు ఒక సాహిత్య ప్రక్రియ అయి కూర్చుంది. ఆదివారం అనుబంధాల్లో, యాత్రా పుస్తకాల్లో, ఫోన్లలో తిరిగే వీడియోల్లో దీనికొక స్థిరమైన నడక ఏర్పడింది. రచయిత తెలియని ఊరికి పోతాడు. పెద్ద హోటల్‌ను కాదని సందులో ఉన్న చిన్న హోటల్‌ను వెతుకుతాడు. పేరు తెలియని కూర అడుగుతాడు. మొదట జంకుతాడు, తర్వాత ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటాడు, ఆ తర్వాత మెచ్చుకుంటాడు. చివరికి ఆ ఊరి మనసు తనకు అర్థమైందని రాసి ముగిస్తాడు. చదవడానికి బాగానే ఉంటుంది. మేమూ చదువుతాం. కాని ఈ రచనల్లో ఒక ప్రశ్న మాత్రం ఎక్కడా కనబడదు. ఆ వంటకం తెలియనిది ఎవరికి? 'కొత్త రుచి' అన్న మాటలో కొత్త అనేది నాలుకకు సంబంధించిన సంగతా, కులానికి సంబంధించిన సంగతా?

ఈ ప్రశ్న మాకు పుస్తకాలు చదువుతుంటే తట్టలేదు. నాగపూర్‌లో ఒక హోటల్ బల్ల ముందు కూర్చున్నప్పుడు తట్టింది. అక్కడ మేము చేసిన తప్పు కూడా ఈ వ్యాసంలో భాగమే కాబట్టి ముందు అది చెప్పుకోవాలె.

1

కిందటేడు దసరాకు దీక్షాభూమి చూడాలని నలుగురం పోయినం. కాజీపేట, బల్లార్షా మీదుగా రాత్రి ప్రయాణం. నలుగురిలో ముగ్గురం దళిత వాడల నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థులం. మా ఇండ్లల్ల యూనివర్సిటీ గడప తొక్కింది మాతోనే మొదలు. ఈ వ్యాసంలో 'మేము' అంటే ఆ ముగ్గురం. నాలుగో మిత్రుడు తరతరాలుగా చదువుకున్న అగ్రవర్ణ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఉద్యమాల పట్ల గౌరవం ఉన్నవాడు, మంచి చదువరి, తిండి విషయంలో పట్టింపులు వదిలేసినవాడు.

మధ్యాహ్నం ఒక సావజీ భోజనాలయంలో కూర్చున్నం. నాలుగైదు బల్లలు, స్టీలు కంచాలు. గోడ మీద మరాఠీలో పేర్లు: మటన్, చికెన్, ఖూర్, వజ్రీ. మిత్రుడు ఉత్సాహంగా "వజ్రీ అంటే ఏంది?" అని సర్వర్ పిల్లగాణ్ని అడిగిండు. వాడు నవ్వి తన పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించిండు. మా ముగ్గురికి వెంటనే అర్థమైంది. బోటి. ఖూర్ అంటే కాళ్లు. పండుగ తెల్లారి మా ఇండ్లల్ల పొయ్యి మీద ఉడికేది అదే. అమ్మ పొద్దంత కూర్చుండి కడిగేది అదే.

కాని ముగ్గురిలో ఒక్కరం కూడా ఆ మాట అనలేదు. పైగా మాలో ఒకరం ఏమీ తెలియనట్టు "దీన్ని దేంతో తింటరు?" అని అడిగినం. జొన్న రొట్టెతో తింటరని పిల్లగాడు ఓపికగా చెప్పిండు. కూర వచ్చింది. నల్లని పులుసు, దాని మీద ఎర్రగా తేలుతున్న నూనె. దాన్ని అక్కడ తర్రీ అంటరు. ఆ కారానికి నలుగురికీ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మసాలా మాకు నిజంగా కొత్తదే. బోటి కొత్తది కాదు. అయినా అదీ కొత్తదే అన్నట్టు తిన్నం.

తిరుగు ప్రయాణంలో మిత్రుడు ఆ భోజనం గురించి రాసుకున్నది రైల్లో చదివి వినిపించిండు. బాగా రాసిండు. అందులో జంకు ఉంది, సాహసం ఉంది, చివర మెచ్చుకోలు ఉంది. "మేమెవరమూ ఎన్నడూ తినని భాగం" అని ఒక వాక్యం కూడా ఉంది. ఆ 'మేము'లో మేమూ ఉన్నం. అతను అబద్ధం రాయలేదు. అబద్ధం మేము ఆడినం. అతను దాన్ని నమ్మిండు.

ఒక పలుకుబడి గల రచనా పద్ధతి ఎట్లా పని చేస్తుందో అప్పుడు తెలిసింది. అది మనల్ని బయటికి తోసెయ్యదు. లోపలికి రమ్మని పిలుస్తుంది. లోపలికి పోవాలంటే మాత్రం మన ఇంటి పొయ్యిని మరిచిపోవాలె. మాకు తెలిసిన కూరను మేమే 'వింత' అని చూడాలె. సిగ్గు అంటే ఇదే. మర్యాద పేరుతో మన నోరు మనమే మూసుకోవడం.

2

ప్రయాణం చేయడం, దారిలో హోటల్లో కూర్చుండడం, ఏది కావాలంటే అది అడగడం అందరికీ ఒకే నాడు దొరకలేదు. యాత్రా సాహిత్యం ఈ తేదీల తేడాను గుర్తించదు.

అంబేడ్కర్ 'వీసా కోసం నిరీక్షణ'గా మనకు తెలిసిన ఆత్మకథనాత్మక రచనలో 1901 నాటి ప్రయాణం ఒకటి ఉంది. తండ్రిని చూడడానికి సతారా నుంచి గోరేగావ్ బయల్దేరిన పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగారు. మంచి బట్టలు వేసుకున్నారు. కులం తెలియగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారింది. బండివాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి, బండి పిల్లలే తోలుకునే షరతు మీద ఒకడు ఒప్పుకున్నాడు. ఆ పిల్లల దగ్గర బుట్ట నిండా తిండి ఉంది. తాగడానికి నీళ్లు లేవు. నీళ్లిచ్చేవాడు లేక ఆ తిండి తినలేక ఆకలితోనే పడుకున్నారు.

దళితుల ప్రయాణపు తిండి గురించి ఏ విమర్శ రాసినా ఇక్కడి నుంచే మొదలు పెట్టాలని మేము అనుకుంటున్నం. ఇందులో రుచి ప్రస్తావనే లేదు. కంచంలో ఏముందన్నది కాదు సమస్య, గుక్కెడు నీళ్లు ఎవరు పోస్తారన్నది. 1934లో దౌలతాబాద్ కోట చూడడానికి పోయినప్పుడు కూడా ఆయన బృందం ఎదుర్కొన్నది నీళ్ల గొడవే. కోట ముందరి నీళ్లతో మొహం కడుక్కున్నందుకు జనం మీదికి వచ్చారు. అప్పటికి ఆయన విదేశాల్లో చదివి వచ్చిన బారిస్టర్. యాత్రికుడు కావడానికి చదువు చాలలేదు, డబ్బు చాలలేదు.

రాజ్యాంగం 15(2) అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలు, బావులు అని పేరుపేరునా రాయవలసి వచ్చింది అందుకే. దాన్ని అమలు చేయడానికి 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976 సవరణతో అది పౌర హక్కుల పరిరక్షణ చట్టం అయింది. చట్టం వచ్చినంత మాత్రాన గ్లాసు మారలేదు. మా తాత గ్లాసు మా ఊరి హోటల్ చూరులో చెక్కి ఉండేది. చాయ తాగి తనే కడిగి మళ్లీ చూరులో పెట్టేవాడు. అందుకే మా ఇంట్లో ప్రయాణం అంటే సద్దిమూట. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఎల్లిపాయకారం, సీసాలో నీళ్లు. అది పొదుపు కోసమే అని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. అది అవమానం నుంచి కాపలా అని పెద్దయినంక తెలిసింది.

ఈ చరిత్రను పక్కన పెట్టి చూస్తే చిన్న హోటల్‌లో తెలియని కూర అడగడం అభిరుచికి సంబంధించిన సంగతి. చరిత్రతో చూస్తే అది మా తరం చేతికి వచ్చిన హక్కు. హక్కును వాడుకునే తొలి రోజుల్లోనే మేము నటించవలసి వచ్చిందంటే ఆ హక్కు ఇంకా సగమే మాదయిందన్నమాట.

3

ఇక సావజీ సంగతి. దీన్ని గురించి రాసేవాళ్లు ఎక్కువగా కారం దగ్గర ఆగిపోతారు. ఎంత మంట, ఎన్ని గ్లాసుల నీళ్లు, ఎవరు ఓడిపోయారు. వంటను పందెంగా మార్చేస్తారు. ఈ వంట హల్బా కోష్టి అనే నేతపని కులం వాళ్ల ఇంటి వంట. నాగపూర్‌లో 1877లోనే జంషెట్జీ టాటా ఎంప్రెస్ మిల్లు మొదలు పెట్టాడు. మిల్లుగుడ్డ మగ్గం మీద పడితే ఏమవుతుందో సిరిసిల్ల తెలిసిన తెలుగువాళ్లకు విడమరిచి చెప్పే పని లేదు. మగ్గం కూడు పెట్టలేని ఇండ్లల్ల ఆడవాళ్ల వంటే బతుకుదెరువు అయింది. ఇంటి ముందరి గది భోజనాలయం అయింది. రాతిపువ్వు, నల్ల యాలకులు, గసగసాలు వేయించి నూరిన మసాలా, అవిసె నూనె — ఇవన్నీ ఒక శ్రమజీవుల కులం చేతిలో నుంచి వచ్చినవి.

అదే కులం ప్రభుత్వ కాగితాల్లో తన పేరు కోసం ఏండ్ల తరబడి కొట్లాడింది. హల్బా కోష్టులు షెడ్యూల్డ్ తెగ జాబితాలోని హల్బాల కిందికి రారని 2000 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మంచిచెడ్డలు వేరే చర్చ. ఆదివాసీల వాటా ప్రశ్న కూడా అందులో ఉంది కనుక తొందరపడి ఒక మాట అనలేం. మేము చెప్పేది ఒక్కటే. కూర పేరు దేశమంతా తెలిసింది. ఆ కూర వండిన చేతుల చరిత్ర తినేవాళ్లకు తెలియలేదు. 'నాగపూర్ ప్రత్యేకత' అన్న బోర్డు కిందకు రాగానే కులం మాయమై ఊరు మిగులుతుంది. 'స్థానిక వంటకం' అన్న మాట చేసే పని ఇదే. కులాన్ని ఊరుగా, శ్రమను రుచిగా మార్చేస్తుంది.

అర్జున్ అప్పాదురై 1988లో రాసిన వ్యాసంలో ఇంగ్లీషు వంట పుస్తకాల ద్వారా నగరాల మధ్యతరగతి ఒక 'జాతీయ వంట'ను ఎట్లా కూర్చుకుంటున్నదో చూపించాడు. ఆ కూర్పులో ప్రతి ప్రాంతానికి ఒక గది ఇస్తారు. ఆ గదిలో ఎవరిని కూర్చోబెట్టారన్నది మన ప్రశ్న. 'ఆంధ్ర భోజనం' అంటే ఎవరి భోజనం? 'తెలంగాణ రుచులు' అని బోర్డు పెట్టిన హోటళ్లలో సర్వపిండి, సకినాలు, నాటుకోడి, తలకాయ దొరుకుతున్నయి. మంచిదే. కాని నల్ల, పెద్దకూర, ఎండబెట్టిన తునకలు ఎన్నింట్లో దొరుకుతయి? ప్రాంతీయ ఆత్మగౌరవం కూడా వంటింటి గడప దగ్గరికి వచ్చేసరికి కులాన్ని చూసే లోపలికి రానిస్తున్నది.

4

కాబట్టి బోర్డు మీద ఉన్నవాటి కన్నా లేనివాటిని చదవడం ముఖ్యం. మరాఠీలో ఈ పని మనకన్నా ముందు మొదలైంది. 2009లో పుణె విశ్వవిద్యాలయంలోని క్రాంతిజ్యోతి సావిత్రిబాయి ఫూలే స్త్రీ అధ్యయన కేంద్రంలో షర్మిలా రేగే, ఆమె సహచరులు, విద్యార్థులు కలిసి దళితుల ఆహార జ్ఞాపకాలను, వంటలను ఒక పుస్తకంగా తెచ్చారు. ఈ కంచం భారతీయం కాదా అన్న ప్రశ్నే ఆ పుస్తకం పేరు. 2015లో షాహూ పాటోలే మరాఠ్వాడా మహార్, మాంగ్ కులాల తిండి మీద 'అన్న హే అపూర్ణబ్రహ్మ' రాశారు. 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. అన్నం పూర్ణబ్రహ్మ అని అక్కడ, పరబ్రహ్మ స్వరూపమని ఇక్కడ చెప్పుకునే సంస్కృతికి ఆ పేరులోని ఒక్క 'అ' అక్షరమే జవాబు. మరాఠ్వాడా 1956 దాకా మనతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఆ పుస్తకంలోని కుండలు మనకు అంత దూరమైనవి కావు. అక్కడ చాన్యా అంటే మన దగ్గర తునకలు. దొరికిన నాడు మాంసాన్ని చీల్చి దండెం మీద ఎండబెట్టి దొరకని రోజులకు దాచుకోవడం. ఆకలి కనిపెట్టిన శాస్త్రం అది.

ఇది తెలిసిన గర్వంతో మేము నాగపూర్‌లో ఇంకొక పొరపాటు చేసినం. దీక్షాభూమి దగ్గర పరిచయమైన ఒక బౌద్ధ కుటుంబం మమ్మల్ని ఇంటికి పిలిచింది. ఆ ఇంటి ముసలమ్మను అందరూ ఆజీ అంటరు. మేమూ ఆజీ అన్నం. ఆమె కోడలు మంట మీద కుండ బోర్లించి, బాగా పలచగా కలిపిన గోధుమపిండిని మోచేతుల దాకా సాగదీసి ఆ కుండ మీద పరిచి లంబీ రోటీ కాల్చింది. ఆ చేతులను చూస్తే వంట అనేది ఎంత పెద్ద పనితనమో తెలుస్తది. తింటూ తింటూ మాలో ఒకరం "ఆజీ, మీ ఇంట్ల చాన్యా చేస్తరా?" అని అడిగినం. ఆమె కొంచెంసేపు మమ్మల్ని చూసింది. "మా అత్త ఎండబెట్టేది. బాబాసాహెబ్ చెప్పినంక మా ఇంట్ల బంద్ అయింది. నువ్వు తిననీకి అడుగుతున్నవా బేటా, రాసుకోనీకి అడుగుతున్నవా?" అన్నది.

మాకు జవాబు దొరకలేదు. భోజనాలయంలో మిత్రుడు సర్వర్‌ను అడిగిన ప్రశ్నకూ, ఆజీని మేమడిగిన ప్రశ్నకూ తేడా ఏముంది? అతను తెలియక అడిగిండు. మేము పుస్తకం చదివి వచ్చి అడిగినం. ఆమె విడిచిపెట్టిన దాన్ని ఆమె ఇంట్లోనే కూర్చుండి వెతికినం.

1927 మార్చిలో మహాడ్‌లో అంబేడ్కర్ చచ్చిన పశువుల మాంసం మానెయ్యండని, పెంటకూడు కోసం చెయ్యి చాపొద్దని చెప్పాడు. ఆ మాట ప్రకారం ఎన్నో వాడలు మానేసినయి. ఆకలిలో మానెయ్యడం మాటలు కాదు. ఆ మానెయ్యడం కూడా ఒక పోరాటమే. అదే అంబేడ్కర్ 1948లో 'అస్పృశ్యులు' గ్రంథంలో గోమాంసానికి, అంటరానితనానికి ఉన్న సంబంధాన్ని చరిత్రగా విప్పి చూపించాడు. బ్రాహ్మణులు గొడ్డుమాంసం మాని ఆవును పవిత్రం చేసిన తర్వాత, తింటూ ఉన్నవాళ్లు అంటరానివాళ్లయ్యారని వాదించాడు. ఈ రెండింటిలో వైరుధ్యం లేదు. చచ్చిన గొడ్డును ఊడిగంగా ఎత్తిపోసి దాన్నే కూడుగా తీసుకునే బానిసత్వం వద్దన్నాడు. తినడం నీచమన్న బ్రాహ్మణీయ సూత్రాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

కాబట్టి బోర్డు మీద లేనివన్నీ ఒక్క తీరుగా లేవు. కొన్నింటిని మనవాళ్లు ఆత్మగౌరవం కోసం విడిచిపెట్టారు. కొన్నింటిని రాజ్యం గుంజుకుంది. 1976 నాటి మహారాష్ట్ర చట్టం ఆవు వధను నిషేధించింది. 1995లో చేసిన సవరణకు 2015లో రాష్ట్రపతి ఆమోదం దొరకగానే ఎద్దు, కోడె కూడా నిషేధం కిందికి వచ్చినయి. బయటి రాష్ట్రంలో కోసిన మాంసం దగ్గర పెట్టుకోవడం నేరమన్న భాగాన్ని 2016 మేలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది గాని వధ మీద నిషేధం నిలిచింది. ఖురేషీల కత్తి, దళితుల కుండ, తోలు పని అన్నీ ఒక్క దెబ్బకు తగిలినయి. ఇంకా కొన్నింటిని మనమే సిగ్గుతో దాచుకుంటున్నం. వజ్రీ బల్ల మీదికి వచ్చినప్పుడు మా ముగ్గురి మౌనం ఈ మూడో రకానిది.

విడిచిన దాన్ని, గుంజుకున్న దాన్ని, దాచుకున్న దాన్ని ఒకే గంపలో వేసే విమర్శ మనకు పనికిరాదు. అన్నింటినీ 'మరుగున పడిన వంటకాలు' అని పిలిచి వెలికి తీయడం రేపటి హోటళ్లకు సరుకు అందించడమే. విడిచిన దాని ముందు గౌరవంగా నిలబడాలె. గుంజుకున్న దాని కోసం కొట్లాడాలె. దాచుకున్న దాన్ని బయటికి చెప్పాలె. మూడూ వేరువేరు పనులు.

5

మన సాహిత్యం మీద కూడా ఒక మాట. తొంభైలలో దళిత కవిత్వం గొడ్డుమాంసాన్ని తలెత్తుకొని పలికింది. తెలుగు కవిత్వపు కంచంలో అప్పటిదాకా లేనిదాన్ని తెచ్చి పెట్టింది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసి దెబ్బలకు కూడా సిద్ధపడ్డారు. ఆ ధిక్కారం లేకపోతే మేము ఇవాళ ఈ మాటలు రాయలేకపోయేవాళ్లం. కాని ధిక్కారపు వంటకం ఒక్కటే మన వంటకం కాదు. తోటకూర, పొన్నగంటి, గంజి, గటక, చింతతొక్కు, చేలల్ల ఏరుకొచ్చిన ఆకు ఇవన్నీ మన అమ్మల తెలివి. మాంసం మీద గొడవ ఉన్నది కాబట్టి మాంసం గురించే రాస్తున్నం. ఆకుకూర మీద కేసు లేదు, అందుకని మన వ్యాసాల్లో దానికి చోటు లేదు. ఇంకొకటి, తినే హక్కు గురించి మగవాళ్లం గట్టిగా మాట్లాడుతున్నం. కడిగే పని ఎవరిదన్నది అడగడం లేదు.

అందుకని చదివే విద్యార్థులకు, రాసే మిత్రులకు మా విన్నపం. కొత్త ఊరికి పోండి, చిన్న హోటల్లో కూర్చోండి, తెలియనిది అడిగి తినండి. ఆ హక్కు మనకు ఊరికే రాలేదు. రాసేటప్పుడు మాత్రం రుచి దగ్గర ఆగిపోకండి. వండింది ఎవరు, కడిగింది ఎవరు, ఈ కూర ఎవరింట్లో నుంచి బల్ల మీదికి వచ్చింది, బోర్డు మీద ఏది లేదు, ఎందుకు లేదు అని అడగండి. అడిగే ముందు ఆజీ ప్రశ్నను మీకు మీరు వేసుకోండి.

'వజ్రీ అంటే ఏంది' అని మిత్రుడు అడిగిన రోజు మేము ఇయ్యవలసిన జవాబు బాకీ ఉన్నది. ఆ జవాబు ఇది. వజ్రీ అంటే బోటి. బోటి తెచ్చిన్నాడు మా అమ్మ కూలికి పోయేది కాదు. పొద్దున్నే నీళ్లు కాగబెట్టేది. మరిగే నీళ్లల్ల ముంచి, సున్నం రుద్ది, నల్లపొర పోయేదాకా గీకేది. పేగులను పుల్లతో తిరగేసి కడిగేది. నీళ్లు తేటగ వచ్చేదాకా మార్చి మార్చి కడిగేది. సున్నానికి వేళ్లు పగిలేవి. పసుపు, ఉప్పు వేసి ఒకసారి ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి, అప్పుడు ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిగడ్డ, కారం వేసి మళ్లా పొయ్యి మీద పెట్టేది. చింతచిగురు దొరికే కాలమైతే చింతచిగురు వేసేది. అందరం తిన్నంక అడుగున మిగిలిన పులుసుతో ఆమె తినేది. మాకు అది కొత్త రుచి కాదు.